ఎత్తు, ఛాతీ సరే, ఏళ్లెన్ని?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన సోమవారం మీ పత్రిక చదువుల పేజీలో సైన్యంలో ఉద్యోగాల గురించి సగం పేజీ వ్యాసం వచ్చింది. ఎంత ఎత్తుండాలి, గాలి పీల్చినప్పుడు ఛాతీ ఎన్ని సెంటీమీటర్లు పెరగాలి, 1.6 కిలోమీటర్ల పరుగు ఎన్ని నిమిషాల్లో ముగించాలి, ఏ తరగతి పాసై ఉండాలి, మొదటి నెల జీతమెంత, అన్నీ వివరంగా ఉన్నాయి. కళ్లజోడు తుడుచుకుని రెండోసారి చదివాను. చేరిన పిల్లవాడు ఎన్నేళ్లు పనిచేయాలో ఒక్క ముక్క లేదు. సిపాయి, నావికుడు, ఎయిర్‌మన్, ఆఫీసర్ అందరినీ ఒకే గాటన కట్టి, 'స్థిరమైన ఉద్యోగం, జీవితాంతం పింఛను' అని ముగించారు. ఆ ఒక్క వాక్యం నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడవవుతుంది, ఓపిక పట్టండి.

మాది కందుకూరు దగ్గర పల్లె. 2005 నుంచి చెన్నైలో, తాంబరం పక్కన సేలయూరులో ఉంటున్నాం. నేను యూనిఫారం తొడిగినదాన్ని కాదు. కానీ మా నాన్న ఆర్మీ, మా వారు ఎయిర్‌ఫోర్సు, మా తమ్ముడు ఆర్మీలో ఆఫీసరు, ఇప్పుడు మా మరిది కొడుకు అగ్నివీరుడు. నలుగురూ వేసుకున్నది దేశం ఇచ్చిన బట్టలే. నలుగురూ సంతకం పెట్టిన ఏళ్లు మాత్రం నాలుగు రకాలు. ఆ ఏళ్లను ఇంట్లో కూర్చుని లెక్కపెట్టిన ఆడవాళ్లలో నేనూ ఒకదాన్ని.

మా నాన్న 1957లో మద్రాస్ శాపర్స్‌లో, అంటే ఆర్మీ ఇంజనీర్ల దళంలో చేరాడు. శిక్షణ బెంగళూరులో, హలసూరు చెరువు దగ్గర. ఆ రోజుల్లో సిపాయిగా చేరితే 7 ఏళ్లు కలర్ సర్వీసు, తర్వాత 8 ఏళ్లు రిజర్వు. కలర్ సర్వీసంటే దళంలో ఉండి చేసే ఉద్యోగం. రిజర్వు అంటే ఇంటికి వచ్చి సేద్యం చేసుకోవచ్చు, పెళ్లాం పిల్లలతో ఉండవచ్చు, కానీ పిలుపు వస్తే నాగలి వదిలేసి వెళ్లాలి. రెండూ కలిపి 15. నాన్న డిశ్చార్జి పుస్తకం నా దగ్గరే ఉంది. ముదురు గోధుమరంగు అట్ట, లోపల నీలం సిరా, ఎవరో గుమస్తా వంకర చేతిరాతతో వేసిన 7, 8 అంకెలు. చెమ్మకు అక్షరాలన్నీ అలుక్కుపోయినా ఆ రెండు అంకెలు చెక్కుచెదరలేదు.

కాగితం మీద 7 అని ఉన్నా నాన్న ఇంటికి వచ్చింది తొమ్మిదో ఏట, 1966లో. చైనా యుద్ధం తర్వాతి కాలం, మనుషులను అంత తేలిగ్గా వదలలేదు. నేను పుట్టింది ఆ మరుసటి ఏడు. నాకు జ్ఞాపకమున్న మొట్టమొదటి దృశ్యం 1971 కార్తీకమాసంలోది. నాన్న నిచ్చెన వేసుకుని అటక మీది నల్లపెట్టె దించుతున్నాడు. అమ్మ ఒక్క మాటా మాట్లాడకుండా పెట్టె మీది దుమ్మును చీర కొంగుతో తుడుస్తోంది. పెట్టె మూత మీద తెల్లరంగుతో రాసిన నంబరు కొంచెం కొంచెంగా బయటపడుతోంది. ఆ వేళ నాటాల్సిన పొగాకు నారు వాకిట్లో అలాగే ఉండిపోయిందట. అది అమ్మ తర్వాత చెప్పిన మాట. నాన్న యుద్ధం ముగిసిన మరుసటి ఏడు తిరిగి వచ్చాడు. 15 ఏళ్లు నిండాయి గనుక కొద్దిపాటి రిజర్విస్టు పింఛను వచ్చేది. అమ్మకు మొదటి నుంచీ తెలుసు, తన భర్త మీద దేశానికి ఎన్నేళ్ల హక్కుందో. తెలిసింది కాబట్టే తట్టుకుంది.

ఆర్మీలో ఆ 7 ఏళ్ల లెక్క తర్వాత మారింది. 1976 నుంచి సిపాయికి కలర్ సర్వీసు 17 ఏళ్లు. సిపాయిగానే ఉండిపోతే 17, నాయక్ అయితే 22, హవల్దార్ అయితే 24, ఆపైన పొడిగింపు దొరికితే మరో రెండేళ్లు. హోదా పెరిగేకొద్దీ ఏళ్లూ పెరుగుతాయి. పింఛనుకు కావలసినవి 15 ఏళ్లు. కాబట్టి 17 ఏళ్లు చేసిన సిపాయి మరీ ఏమీ ఎదగకపోయినా పింఛనుతోనే ఇంటికి వచ్చేవాడు. మన పల్లెల్లో 'మిలిటరీ ఉద్యోగం' అనగానే కళ్లముందు కదిలే బొమ్మ ఇదే: ముప్ఫై అయిదు దాటగానే ఇంటికొచ్చి, పింఛనుతో పాటు బ్యాంకులోనో బడిలోనో ఇంకో కొలువు చూసుకునే మనిషి. దాదాపు యాభై ఏళ్లు నిజమైన బొమ్మ అది. మీ వ్యాసం రాసిన వారి మనసులో ఉన్నదీ అదేనని నా అనుమానం.

మా వారి లెక్క వేరు. 1985లో ఎయిర్‌ఫోర్సులో చేరారు, రాడార్ ఫిట్టర్. తొలి ఒప్పందమే 20 ఏళ్లు. కావాలనుకుంటే, పై వాళ్లు ఒప్పుకుంటే, 57 ఏళ్ల వయసు దాకా పొడిగించుకోవచ్చు. ఆర్మీకి 17, వీళ్లకు 20 ఎందుకని పెళ్లైన కొత్తలో అడిగాను. "బెంగళూరు జాలహళ్లిలో మాకు రాడార్ విప్పడం నేర్పడానికి కొంతకాలం, విప్పింది మళ్లీ సరిగ్గా బిగించడం చేతికి రావడానికి ఇంకొన్నేళ్లు. నేర్పినదంతా రాబట్టుకోకుండా ఎలా వదులుతారు?" అన్నారు. కొండ ఎక్కే సైనికుడికి కాళ్లలో సత్తువ కావాలి, అది వయసుతో తగ్గుతుంది. యంత్రం పట్టే చేతికి అనుభవం కావాలి, అది వయసుతో పెరుగుతుంది. దళానికీ దళానికీ ఏళ్లలో తేడా ఉండడానికి నాకు అర్థమైన కారణం ఇదే. నౌకాదళంలోనూ అంతే. మా వారి స్నేహితుడి కుటుంబంలో అన్నదమ్ములిద్దరూ విశాఖ నుంచి నేవీలో చేరారు. యంత్రాల పని నేర్చుకునే ఆర్టిఫిసర్ అప్రెంటిస్‌గా చేరిన అన్నకు 20 ఏళ్లు, ఇంటర్ అర్హతతో సీనియర్ సెకండరీ రిక్రూట్‌గా చేరిన తమ్ముడికి 15. ఒకే ఇల్లు, ఒకే నౌకాదళం, అయిదేళ్ల తేడా.

20 ఏళ్లంటే ఏమిటో వినడం వేరు, బతకడం వేరు. 1996లో మా మామగారికి పక్షవాతం వచ్చింది. మా వారు పెద్ద కొడుకు. ఉద్యోగం వదిలేసి వెళ్లిపోదామని దరఖాస్తు రాసి దిండు కింద పెట్టుకున్నారు. అప్పటికి 11 ఏళ్లు నిండాయి. మధ్యలో వెళ్లాలంటే అనుమతి కావాలి. అనుమతి దొరికినా 15 నిండలేదు గనుక పింఛను రాదు. నాలుగేళ్లు తక్కువ. ఆ దరఖాస్తు దిండు కింద మూడు వారాలుంది, తర్వాత ఆయనే చించేశారు. ఇంటి దగ్గర మామగారిని చూసుకోవడానికి మా మరిది చదువు మానేశాడు. ఇంటర్‌తో ఆగిపోయింది. మామగారు పోయినప్పుడు మా వారు తేజ్‌పూర్ నుంచి వస్తూ రైల్లో ఉన్నారు. మా 20 ఏళ్ల ఒప్పందంలో ఒక భాగాన్ని మా మరిది మోశాడు. అతను సంతకం పెట్టకపోయినా మోశాడు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

2005లో 20 నిండే ముందు, పొడిగింపు కావాలా వద్దా రాసి ఇవ్వాలి. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. అప్పటికే నాలుగు ఊళ్లలో చదివింది. ఒక ఆదివారం నేల మీద కూర్చుని క్యాలెండరు వెనక లెక్కలు వేశాం: పింఛను ఇంత, అద్దె ఇంత, ఫీజు ఇంత. వద్దని రాసిచ్చారు. క్వార్టర్ ఖాళీ చేసే రోజున అప్పగించాల్సిన సామాను లెక్కపెట్టడానికి మనిషి వచ్చాడు. మంచాల మీద, కుర్చీల మీద, ఫ్యాన్ల మీద కూడా తెల్లరంగు నంబర్లు. అన్నీ అప్పగించాక గదిలో మిగిలింది పెట్టెలు, పుస్తకాలు, కుక్కర్. ఇరవై ఏళ్లలో మాకంటూ ఒక మంచం కొనుక్కోలేదన్న సంగతి నాకు ఆ క్షణంలోనే తట్టింది. సేలయూరులో అద్దె ఇంట్లో మొదటి వారం చాప మీదే పడుకున్నాం. అయినా బాధ లేదు. ఆయనకు 40 ఏళ్లు, చేతికి పింఛను ఉంది, ఏడాదిలోపే మాజీ సైనికుల కోటాలో బ్యాంకు ఉద్యోగం దొరికింది. లెక్క ముందే తెలుసు కాబట్టి లెక్క ప్రకారమే దిగాం.

తెలియక దిగినవాళ్లను కూడా చూశాను. ఏటా నవంబరులో పింఛనుదారులు బతికున్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. ఇప్పుడదంతా ఫోనులోనే. చుట్టుపక్కల వయసైన తెలుగువాళ్లకు, ముఖ్యంగా భర్త పోయిన ఆడవాళ్లకు, నేనే ఆ పని చేసిపెడుతుంటాను. రెండేళ్ల కిందట శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఒక హాస్టల్లో వంట చేస్తున్న ఆవిడ, కవరులో భర్త కాగితాలు పట్టుకుని వచ్చింది. "అందరికీ వస్తోందట కదమ్మా, నాకూ రాయించండి" అంది. కాగితాలు చూశాను. ఆయన ఆర్మీలో 12 ఏళ్లు చేసి, సొంత ఊళ్లో పొలం తగాదా చూసుకోవడానికి తన ఇష్టం మీదే వచ్చేశాడు. పింఛనుకు మూడేళ్లు తక్కువ. ఆవిడకు ఆ సంగతి పెళ్లినాడు తెలియదు, ఆయన వచ్చేసిననాడు తెలియదు, ఆయన పోయిననాడూ తెలియదు. నా కుర్చీలో కూర్చుని నా నోటి నుంచి విన్నది. ఆవిడ కవరు మడిచి జాకెట్టులో పెట్టుకుని, మజ్జిగ కూడా తాగకుండా వెళ్లిపోయింది. 15 అనే అంకెను ఎవరైనా ఆ ఇంట్లో ఒకసారి పలికి ఉంటే, ఆయన ఆ మూడేళ్లూ పళ్లు బిగబట్టి ఉండేవాడేమో.

ఆఫీసర్ల లెక్క ఇంకో దారి. మా తమ్ముడు 1994లో ఇక్కడి పరంగిమలై దగ్గరున్న ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ నుంచే బయటికి వచ్చాడు. షార్ట్ సర్వీస్ కమిషన్. అప్పట్లో 5 ఏళ్లు, కావాలంటే ఇంకో అయిదు. ఆ మాట విని మా నాన్న, "ఆఫీసరుకు నాకంటే తక్కువ ఏళ్లా? పొరపాటు విన్నావేమో, మళ్లీ అడుగు" అన్నాడు. పొరపాటు కాదు. చైనా యుద్ధం తర్వాత ఆఫీసర్లు చాలక 1963లో ఆ అకాడమీ పెట్టిందే, కొద్ది కాలానికి యువకులను తీసుకుని త్వరగా తయారు చేయడానికి. తమ్ముడు పదేళ్లు చేసి 2004లో వచ్చేశాడు. ఆఫీసరుకు పింఛను కావాలంటే 20 ఏళ్లు ఉండాలి. కాబట్టి వాడికి గ్రాట్యుటీ వచ్చింది, పింఛను రాలేదు. అది వాడికి ముందే తెలుసు. పదో ఏడు రాకముందే చదువుకు డబ్బు కూడబెట్టుకున్నాడు. 2006 నుంచి ఈ కమిషన్ 10 ఏళ్లు, ఆపై నాలుగు పొడిగింపు. పర్మనెంట్ కమిషన్ వారిది వయసు లెక్క, కల్నల్ అయితే 54 దాకా, బ్రిగేడియర్ అయితే 56 దాకా.

మా వీధిలో ఇద్దరు తెలుగు ఆడపిల్లలు ఆ అకాడమీ పరీక్షకే చదువుతున్నారు. తెల్లవారుజామున పరుగెత్తుతుంటే నాకు ముచ్చటేస్తుంది. అక్కడ ఆడపిల్లలకు 1992 నుంచి ప్రవేశముంది. వాళ్లు 14 ఏళ్లు చేసి పింఛను లేకుండా ఇంటికి రావాల్సిన పరిస్థితి చాలాకాలం ఉండేది. పర్మనెంట్ కమిషన్‌కు వాళ్లనూ పరిశీలించాల్సిందేనని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ సంగతి ఆ పిల్లల్లో ఒకరికి తెలుసు, ఇంకొకరికి నేను చెప్పాను. మీ పేజీ చెప్పి ఉండాల్సింది.

ఇక అసలు విషయానికి వస్తాను.

2022 చివర్లో మా తోటికోడలు ఫోను చేసింది. "అక్కా, వాడికి మిలిటరీలో వచ్చింది. ఇక వాడి జీవితానికి ఢోకా లేదు" అని ఏడుస్తూ నవ్వింది. మరిదిగారి అబ్బాయి. తండ్రి కోసం చదువు మానేసిన మనిషి కొడుకు. నాకూ కళ్లు చెమర్చాయి. కానీ గుండెలో ఒక మూల ఏదో కలుక్కుమంది, ఎందుకంటే అది అగ్నిపథ్ కింద తీసుకున్న తొలి బృందం. అది 4 ఏళ్ల ఒప్పందమని, చివర్లో నూటికి 25 మందికి మించి ఉంచుకోరని 2022 జూన్ 14న ప్రకటించిన రోజే టీవీలో విన్నాను. ఆ ఫోనులో ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. అది నా తప్పే.

ఆ పిల్లవాడు నెల్లూరు వైపు ఒక కోచింగ్ కేంద్రంలో ఆరు నెలలు ఉన్నాడు. దాని కరపత్రం తోటికోడలు బియ్యం డబ్బా పైన అంటించి పెట్టుకుంది. జెండా పట్టుకున్న సైనికుడి బొమ్మ, కింద ఎర్రక్షరాల్లో 'దేశసేవతో పాటు స్థిరమైన జీవితం'. నాలుగు అనే అంకె ఆ కాగితంలో ఒకే చోట ఉంది, ఫోను నంబరులో.

2023 జనవరిలో వాడు చేరింది బెంగళూరులో, అరవై ఆరేళ్ల కిందట మా నాన్న చేరిన ఆ శాపర్స్ కేంద్రంలోనే. శిక్షణ ముగిసిన కవాతుకు మేమంతా వెళ్లాం. మరుసటి ఉదయం హోటల్లో వాడూ నేనూ ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. వాళ్లమ్మ చేయి కడుక్కోవడానికి లేచింది. "నాన్నా, నీకు సంగతంతా తెలుసు కదా" అన్నాను. వాడు ఇడ్లీ తుంచుతూనే ఉన్నాడు, తినడం లేదు. "తెలుసు పెద్దమ్మా. నలుగురిలో ఒకణ్ణి ఉంచుతారు. అమ్మకు చెప్పొద్దు" అన్నాడు. పందొమ్మిదేళ్ల కుర్రవాడు. తుంచిన ఇడ్లీ ముక్కలన్నీ పళ్లెం అంచున వరుసగా పేర్చాడు. వాళ్లమ్మ తిరిగి వచ్చి, "తినవేమిరా, బక్కచిక్కిపోయావు" అని తన పళ్లెంలోని వడ వాడికి వేసింది.

అప్పటి నుంచి ఈ ఒప్పందం గురించి దొరికిన ప్రతి కాగితం చదివాను. తెలిసిందంతా తోటి తెలుగు తల్లుల కోసం రాస్తున్నాను. ఆరు నెలల శిక్షణతో కలిపి 4 ఏళ్లు. ఆర్మీ అయినా నేవీ అయినా ఎయిర్‌ఫోర్సు అయినా ఇప్పుడు కింది హోదాలో చేరే పిల్లల్లో చాలామందికి మూడింటిలోనూ ఇదే లెక్క. మా వారి 20, ఆ అన్నదమ్ముల 20, 15, ఆర్మీ 17 అన్నీ కలిసి 4 అయ్యాయి. ఆ నాలుగేళ్లలో పెళ్లి చేసుకోకూడదు. చాలా అసాధారణమైన కారణం ఉంటే తప్ప, తన ఇష్టం మీద మధ్యలో వచ్చేయడానికి లేదు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. చివర్లో ఉంచుకున్న వాళ్లు కనీసం ఇంకో 15 ఏళ్లు చేయాలి.

డబ్బు విషయం ఇంకా విడమరచి చెప్పాలి. మొదటి ఏడాది నెలకు రూ.30,000 అని మీరు రాశారు. అందులో 30 శాతం, అంటే రూ.9,000, నిధికి పోతుంది. చేతికొచ్చేది 21,000. నాలుగో ఏట జీతం 40,000, చేతికి 28,000. అలా నాలుగేళ్లలో పిల్లవాడి జీతం నుంచి పోయేది రూ.5,02,200. ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది. వడ్డీతో సుమారు 11 లక్షల 71 వేలు, పన్ను లేకుండా, బయటికి వచ్చేటప్పుడు ఇస్తారు. దానికి సేవానిధి అని పేరు. మంచి మొత్తమే, కాదనను. కానీ మా బంధువులంతా 'గవర్నమెంటు పన్నెండు లక్షలిస్తుంది' అంటున్నారు. వడ్డీ పక్కనపెడితే అందులో సగం పిల్లవాడి చెమటే. సేవలో ఉండగా ప్రాణం పోతే రూ.48 లక్షల బీమా ఉంది. వచ్చేసిన వాళ్లకు కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో 10 శాతం ఖాళీలు కేటాయిస్తామని 2022లో ప్రకటించారు, ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం వాళ్ల కోసం డిగ్రీ కూడా పెట్టింది. ఇవన్నీ పనికొచ్చేవే. కానీ ముందే తెలిస్తేనే పనికొస్తాయి. డిగ్రీ మొదటి ఏడే మొదలుపెట్టాలి, నాలుగో ఏడు చివర్లో కాదు.

నేను ఈ పద్ధతి వద్దని వాదించడం లేదు. ప్రభుత్వం నిర్ణయించింది, న్యాయస్థానాలు సమర్థించాయి. సైన్యం సగటు వయసు తగ్గాలన్న వాదనలో బలముంది. మంచు కొండల మీద పాతికేళ్ల ఊపిరితిత్తులు చేసే పని నలభై ఏళ్లవి చేయలేవని మా నాన్నే అనేవాడు. కానీ మా వారు ఒక విషయం ఎప్పుడూ గుర్తుచేస్తారు. కార్గిల్ యుద్ధం తర్వాత కె.సుబ్రహ్మణ్యం అధ్యక్షతన 1999లో వేసిన కమిటీ కూడా ఆర్మీ యవ్వనంగా ఉండాలనే చెప్పింది. 17 ఏళ్ల కలర్ సర్వీసును 7-10 ఏళ్లకు తగ్గించమంది. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పింది: ఆ తర్వాత వాళ్లను పారామిలిటరీ బలగాల్లోకి పంపమని. ఏళ్లు తగ్గించడం, ఆ తర్వాతి దారి చూపించడం, రెండూ ఒకే సిఫార్సులో ఉన్నాయి.

సాయంత్రం పార్కులో కలిసే ఒక పెద్దాయన, "అమెరికాలో కూడా నాలుగేళ్లేనమ్మా" అన్నారు. ఆయన కొడుకు అక్కడే ఉన్నాడు, చూసి చెప్పారనుకున్నాను. తెలుసుకుంటే సగమే నిజం. అక్కడ మొదటిసారి చేరేవాళ్లు సంతకం పెట్టేది మొత్తం 8 ఏళ్ల బాధ్యత మీద. సాధారణంగా అందులో నాలుగేళ్లు పూర్తికాలం, మిగతావి రిజర్వు. దళాన్ని బట్టి, పనిని బట్టి పూర్తికాలం ఏళ్లు మారతాయి, రెండు నుంచి ఆరు దాకా. అంటే మా నాన్న 7, 8 లెక్కలాంటిదే. పింఛనుకు అక్కడా 20 ఏళ్లు కావాలి. కానీ 36 నెలలు పూర్తికాలం చేసి గౌరవంగా బయటికి వచ్చినవాడికి 36 నెలల కాలేజీ చదువుకు ప్రభుత్వం సాయం చేస్తుంది. ఆయనతో ఇదంతా చెప్పాక, "మరి మా వాడు ఇదంతా చెప్పలేదే" అన్నారు. ఎవరూ పూర్తిగా చెప్పరు. అదే నా బాధ.

2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడటం, కాల్పుల్లో ఒక యువకుడు చనిపోవడం మీ పత్రిక మొదటి పేజీలోనే చూశాను. రైలు తగలబెట్టడం తప్పు, అందులో రెండో మాట లేదు. కానీ శరీర పరీక్షలు పాసై, రాతపరీక్ష కోసం నెలల తరబడి ఎదురుచూసిన పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు. 17 అనుకుని పరుగెత్తిన వాళ్లకు తెల్లారేసరికి 4 అన్నారు. ఆ రోజు ఏళ్ల సంఖ్య మొదటి పేజీ వార్త అయింది. మూడేళ్లు గడిచేసరికి చదువుల పేజీలో కూడా దానికి చోటు లేకుండా పోయింది.

అయ్యా, నేను అడిగేది ఒకటే. సైన్యంలో చేరిక గురించి మీరు ఏ వార్త వేసినా, ఎత్తు, ఛాతీ కొలతలు రాసిన అక్షరాల పరిమాణంలోనే, ఏళ్ల లెక్కా వేయండి. ఎన్నేళ్లకు సంతకం పెడుతున్నాడు, ఆ తర్వాత ఉంచుకోవడం ఎవరి చేతుల్లో ఉంది, మధ్యలో రావడం కుదురుతుందా, పింఛనుకు ఎన్నేళ్లు కావాలి, చేతికి ఎంత వస్తుంది, బయటికి వచ్చాక ఏముంది. ఆఫీసరుకు వేరుగా, అగ్నివీరుడికి వేరుగా వేయండి. పది వాక్యాల కంటే ఎక్కువ పట్టదు. కోచింగ్ కేంద్రాల ప్రకటనలు మీరు అచ్చు వేస్తారు కదా, అందులోనూ ఆ ఒక్క అంకె ఉండాలని అడగండి. తెలిస్తే పిల్లలు చేరరని భయపడక్కర్లేదు. మా నాన్న తెలిసే చేరాడు, మా వారు తెలిసే చేరారు, మా తమ్ముడూ తెలిసే చేరాడు. మా వాడూ తెలిసే చేరాడు. తెలియనిది వాళ్లమ్మకు.

పోయిన సంక్రాంతికి సెలవు మీద వచ్చినప్పుడు, "ఇక నువ్వే చెప్పు పెద్దమ్మా, నా వల్ల కావడం లేదు" అన్నాడు వాడు. అప్పటికే రెండు పెళ్లి సంబంధాలు వచ్చి ఉన్నాయి. పిల్ల తరఫు వాళ్లు "పర్మనెంటేనా" అని అడిగితే తోటికోడలు "మిలిటరీ అంటే పర్మనెంటు కాకేమిటండీ" అని గర్వంగా చెప్పిందట. కనుమ నాడు మధ్యాహ్నం, మగవాళ్లు పొలం వైపు వెళ్లాక, వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. 2027 జనవరికి నాలుగేళ్లు నిండుతాయని, నలుగురిలో ఒకరికే అవకాశమని, వాడు డిగ్రీకి కట్టాడని, వచ్చే డబ్బు ఇంతని.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి వెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో వాడి పుట్టిన తేదీ కాగితం, రేషన్ కార్డు, మడతలు నలిగిపోయిన ఒక పత్రిక కత్తిరింపు. 2022లో అగ్నివీరుల చేరిక గురించి మీ పత్రికలో వచ్చింది. ఎత్తు, ఛాతీ, పరుగు, జీతం, అన్నింటి కిందా వాడు పెన్సిల్‌తో గీతలు గీసుకున్నాడు. ఆమె దాన్ని నా ముందు నేల మీద పరిచి, రెండు చేతులతో మడతలు సాపు చేసి, పైనుంచి కింది దాకా వేలితో చూపిస్తూ అడిగింది: "ఇన్ని రాశారు కదక్కా, ఆ మాట ఇందులో ఎందుకు రాయలేదు?"

ఆ ప్రశ్నను మీకు పంపుతున్నాను.

ఇట్లు,
ఒక మాజీ వైమానిక సైనికుని భార్య,
సేలయూరు, చెన్నై.